సుందరరావు మాస్టారి సిస్టం స్పీడు పెంచిన సంగతి

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టి, మొన్నమొన్నటి దాకా నడిపి, చూపు తగ్గి వేళ్లు వణకడం మొదలయ్యాక మూసేశాను. వేళ్లు వణికేవాడు ప్రాసెసరు పిన్నుల జోలికి పోకూడదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు ఇంటికొచ్చి, "యాకోబు గారూ, ఓవర్‌క్లాకింగ్ గురించి రాసిపెట్టండి. మీరు చేసినంత ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేదంట కదండీ" అంటున్నారు. చేసిన మాట నిజమే. ఎలా చెయ్యాలో రాస్తాను. ఎలా చెయ్యకూడదో కూడా రాస్తాను. ఆ రెండోది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రాసెసరు తయారుచేసినవాడు దానికి ఒక వేగం పెట్టి పంపిస్తాడు. కొన్ని రకాలు అంతకంటే కాస్త ఎక్కువ వేగంతోనూ పనిచెయ్యగలవు. సిస్టం ఆన్ చేసేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఆ వేగం పెంచుకోవడం ఓవర్‌క్లాకింగ్. మా కొట్లో స్పీడెక్కించడం అనేవాళ్లం. వేగం పెంచితే వోల్టేజి కూడా కొంచెం పెంచాల్సి వస్తుంది. వోల్టేజి పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడిని బయటికి తోసే ఫ్యాను, దాని కింద రేకులు సరిగ్గా ఉండాలి. విద్య ఇంతే, మిగతాదంతా ఓపిక.

ముందు తుడవండి

అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు యూనిట్ ఒకటి ఉండేది. దాని యజమాని ఒకరోజు సిస్టం స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చారు.

"స్పీడు పెంచెయ్యండి యాకోబు గారూ. మరీ నత్తలా ఉందండీ."

మూత తీసి చూద్దును కదా, ఫ్యాను కనపడలేదు. పీచు దుమ్ము రేకుల మధ్య దూరి పరుపులా పేరుకుపోయింది. ప్రాసెసరుకి వేడి ఎక్కువైతే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, లేకపోతే కాలిపోతుంది పాపం. మొత్తం ఊడదీసి, తుడిచి, ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది రాసి ఇచ్చాను. రెండు రోజులకి ఫోను.

"ఏం పెంచేరండీ బాబూ! గుర్రంలా పరిగెడతందండీ!"

"ఏమీ పెంచలేదండీ, తుడిచేనంతే."

"మీరు మరీనండీ, గొప్ప చెప్పుకోరు."

ఆయన ఇప్పటికీ నమ్మరు. స్పీడు పెంచమని వచ్చినవాటిలో చాలావాటికి కావలసింది బ్రష్షు. ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల ఆఫీసుల నుంచి వచ్చేవాటికి ఉప్పుగాలి రోగం. మెమరీ ముక్కల పళ్లు పచ్చబడేవి. వాటికి పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు ముక్క చాలు, మెల్లగా రుద్దితే మెరుస్తాయి.

ఆ పేస్టు సంగతి కూడా చెప్పేస్తాను. ప్రాసెసరుకీ పైనున్న లోహానికీ మధ్య రాసే పేస్టు పూతరేకంత పల్చగా ఉండాలి. కుర్రాళ్లు ట్యూబు మొత్తం పిసికేసి అట్టుకి నెయ్యి పోసినట్టు పోస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

శర్మగారు

నేను పని నేర్చుకున్నది కాకినాడలో, శర్మగారనే సర్వీసు ఇంజనీరు దగ్గర. మహా కోపిష్టి. స్క్రూ కింద పడితే "వెతుకు" అనేవారు కాదు, తనే నేలమీద బోర్లా పడుకుని వెతికి, దొరికాక నా అరచేతిలో పెట్టి, ఆ రోజంతా మాట్లాడేవారు కాదు. అది తిట్టుకన్నా పెద్ద శిక్ష.

వేగం పెంచేటప్పుడు ఒక్క మెట్టే ఎక్కాలని ఆయన నియమం. ఒక మెట్టు ఎక్కించు, ఎడతెగని లెక్కలిచ్చి పరీక్ష పెట్టు, వేడి ఎంతుందో చూడు, కాగితం మీద రాయి. అప్పుడు రెండో మెట్టు. మెమరీని, ప్రాసెసరును ఒకేసారి ముట్టుకోవద్దు, ఏది తేడా చేసిందో తెలియకుండా పోతుంది. వోల్టేజి మెషీనునే చూసుకోమని వదిలెయ్యకు, అది అక్కర్లేనంత ఇచ్చేస్తుంది. ఆగిపోయిన చోటునుంచి ఒక మెట్టు కాదు, రెండు మెట్లు దిగు. పరీక్ష అంటే గంట కాదు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఆ సిస్టం ఉండబోయే గదిలోనే పెట్టు, సాయంత్రం దాకా కదలకు.

ఇంకో రెండు మాటలు చెప్పేవారు. "ఆగిపోయే సిస్టానికి భయపడకురా. ఆగకుండా తప్పు లెక్క కట్టేదానికి భయపడు. అది తప్పు రాస్తూ కూడా ఒప్పులాగే కనపడతది." ఇది మొదటిది. రెండోది కస్టమర్ల గురించి. "మీ కోనసీమవాళ్లని ఎలా ఉందండీ అని అడక్కు. కొంప మునిగిపోతున్నా బానే ఉందండీ అంటారు, నువ్వు నొచ్చుకుంటావని. వెళ్లి నువ్వే చూడు."

నవ్వుకున్నాను ఆ రోజు. మాది మర్యాదగల సీమ అని గర్వంగా కూడా అనిపించింది.

మాస్టారు

రాజోలు అవతల కాలవగట్టు పక్క ఊళ్లో సుందరరావు మాస్టారు నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. మా నాన్న పొలం పనికి వెళ్లే మనిషి. పదో తరగతి అయ్యాక నన్నూ గట్టు మీదికే తీసుకుపోబోతుంటే, మాస్టారు ఇంటికొచ్చి మా నాన్న పక్కన అరుగు మీద కూర్చుని, "వీణ్ణి నాకియ్యండి" అని అడిగారు. తనే బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్లి పాలిటెక్నిక్‌లో చేర్పించారు. నేను చదివింది డిప్లొమాయే. ఆయన మాత్రం చర్చిలో ఎవరు కనపడినా, "మా యాకోబండీ, కంప్యూటర్ ఇంజనీరు" అనేవారు. మొదట్లో సరిచెయ్యబోయాను. తర్వాత మానేశాను, వినడానికి బావుండేది.

ఆయన భార్య రత్నమ్మగారు చర్చిలో పాడేవారు. ఆవిడ పాడుతుంటే చిన్నపిల్లలు కూడా కదిలేవారు కాదు. ఏళ్ల తరబడి మాస్టారు ఆ పాటలన్నీ, ఆవిడ నేర్పగా చర్చి పిల్లలు పాడినవాటితో సహా, క్యాసెట్లలోకి ఎక్కించారు. మొత్తం ఇరవై రెండు. తడిగాలికి రిబ్బన్లకి బూజు పట్టింది. ఒక్కసారి తిప్పితే పొట్టు రాలుతోంది, రెండోసారి తిప్పే ఆశ లేదు.

రత్నమ్మగారికి మూత్రపిండాలు పాడయ్యాయి. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారు. అప్పుడు మాస్టారు నా కొట్టుకి వచ్చారు.

"ఒరే యాకోబూ, పాటలు కంప్యూటర్లోకి ఎక్కిస్తన్నాను. గుర్రుమని శబ్దం వస్తంటే అది తీసే ప్రోగ్రాం వేసేవు కదా, ఒక్కో పాటకీ యుగం పడతందిరా. అమ్మగారు ఉండగానే అన్నీ వినిపించేద్దామని. కాస్త స్పీడు పెంచు నాయనా."

స్పీడు పెంచమని నన్ను అడిగినవాళ్లలో సరైన కారణం ఉన్న మనిషి ఆయనొక్కరే అనిపించింది. ఏం చెప్పను, కళ్లు తిరిగేంత ఉత్సాహం వచ్చింది. మాస్టారికి నేను చేసిపెట్టగలిగే పని దొరికింది!

జనవరి నెల. మంచు కురుస్తోంది. మాస్టారింట్లో కిటికీలు తెరిచి, శాలువా కప్పుకుని కూర్చుని పని చేశాను. మెట్లు మెట్లుగా కాదు, ఒక్కసారే నాలుగు మెట్లు. పక్క గదిలో రత్నమ్మగారు పడుకుని ఉన్నారు, ఆవిడకి రోజులు లెక్క. పరీక్ష గంటసేపు పెట్టాను. వేడి తక్కువగానే ఉంది. ఎందుకుండదు, చలికాలం కదా! ఆ మాట నాకు తట్టలేదు. తట్టినా తోసేసి ఉంటాను. పాట శుభ్రం చేసే పని సగం సమయంలో అయిపోతుంటే మాస్టారు చప్పట్లు కొట్టారు. రత్నమ్మగారు మంచం మీంచి, "మా యాకోబు చెయ్యి పెడితే అంతేనండీ" అన్నారు.

వెళ్లేముందు ఇంకో పని నేర్పాను. డిస్కు చిన్నది, నిండిపోతుంది. అందుకని పాటలన్నీ క్యాసెట్టుకొకటి చొప్పున చిన్న మూటలుగా నొక్కి కట్టే జిప్ ప్రోగ్రాం ఒకటి చూపించి, "మూటలో పేర్లు కనపడితే చాలండి మాస్టారూ, పెద్ద ఫైళ్లు తీసెయ్యొచ్చు" అన్నాను. మూట విప్పి చూడమని చెప్పలేదు. ఇంకో కాపీ వేరేచోట పెట్టమనీ చెప్పలేదు. నిన్న చేరిన కుర్రాడు కూడా చెప్పే సంగతి అది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఫోను చేస్తూనే ఉన్నాను.

"ఎలా ఉందండీ సిస్టం?"

"ఆయ్, బ్రహ్మాండంగా ఉంది నాయనా. నువ్వు చేసింది కదా."

వెళ్లి చూడలేదు. ఆ ఎండలకి అది మూడుసార్లు తనంతట తనే ఆగి మళ్లీ ఆన్ అయిందని తర్వాతెప్పుడో తెలిసింది. శిష్యుడి పనికి వంక పెట్టడం ఇష్టంలేక మాస్టారు చెప్పలేదు. పైగా నేను కొట్టు మూసుకుని తాటిపాక దాటి అంతదూరం వస్తానని మొహమాటం.

రత్నమ్మగారు పాటలన్నీ విన్నారు. అది మాత్రం జరిగింది. ఏప్రిల్ ఆఖరులో డిస్కు నిండితే, మాస్టారు ఉడికిపోయే మధ్యాహ్నాల్లో కూర్చుని, నేను చెప్పినట్టే అన్నీ మూటలు కట్టి, పేర్లు చూసుకుని, పెద్ద ఫైళ్లు తీసేశారు. మే నెలలో రత్నమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. పెట్టెలో బైబిలు పెడుతుంటే, మాస్టారు ఆ ఇరవై రెండు క్యాసెట్లూ తెచ్చి ఆవిడ పాదాల దగ్గర పేర్చారు. "ఆవిడ గొంతు ఆవిడతో వెళ్లనియ్యండి. కాపీ మనకుంది కదా" అన్నారు. నా వైపు చూసి తలూపారు. నేనూ తలూపాను.

నలభయ్యో రోజు

జ్ఞాపకార్థ కూడికకి పందిరి వేశారు. కొత్తపేటలో టీచరుగా పనిచేసే వాళ్లమ్మాయి గ్రేస్ కుమారి అన్నీ చూసుకుంటోంది. సౌండు బాక్సులు నేనే తీసుకెళ్లాను. పాస్టరుగారు ప్రార్థన ముగించి, "ఇప్పుడు మన అక్కగారి గొంతే మనల్ని ఆదరిస్తుంది" అన్నారు.

మొదటి మూట నొక్కాను. ఫైలు పాడైందని వచ్చింది. రెండోది నొక్కాను. అదే. మూడోది, నాలుగోది. వెనకాల రెండొందల మంది. విసనకర్రలు ఆగిపోయాయి. చెమట కళ్లల్లోకి కారుతోంది, తుడుచుకుంటే ఏడుస్తున్నాననుకుంటారని తుడుచుకోలేదు.

ఇరవై రెండింట్లో మూడు తెరుచుకున్నాయి. ఆ మూడింట్లోనూ పాడింది చర్చి పిల్లలు. పాస్టరుగారు పరిస్థితి చూసి అందరినీ లేచి పాడమన్నారు. అందరూ పాడారు. మాస్టారు పెదవులు కదపలేదు.

సిస్టం కొట్టుకి తెచ్చి, మధ్యాహ్నం ఎండలో, శర్మగారు చెప్పినట్టు పరీక్ష పెట్టాను. కాసేపటికే లెక్కల్లో తప్పులు రావడం మొదలైంది. ఆగిపోలేదు. తప్పులు కడుతూ హాయిగా తిరుగుతోంది. వేగం మామూలుకి దించాను, మెషీను తిన్నగా అయింది. కానీ తప్పుగా కట్టిన మూటలు తప్పుగా కట్టినట్టే ఉన్నాయి. అన్నం మాడ్చేశాక మంట తగ్గించి ఏం లాభం?

పది రోజులు కొట్టు తలుపులు వేసుకుని ప్రయత్నించాను. తీసేసిన పెద్ద ఫైళ్లు ఉండే చోట డిస్కు తర్వాతి మూటలు రాసేసుకుంది, అవి రాలేదు. పాడైన మూటల మొదళ్లు మాత్రం అక్కడక్కడ వచ్చాయి. ఒకదాంట్లో రత్నమ్మగారు గొంతు సవరించుకున్నారు. "ఏమండీ, టేపు తిరుగుతందా?" అని అడిగారు. మాస్టారి గొంతు "ఆయ్" అంది. పాట మొదలవ్వాల్సిన చోట కరకరమని చప్పుడు. కొట్లో ఒక్కణ్ణే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

నేనన్న మాట

జరిగింది జరిగినట్టు చెప్పేద్దామనే బయల్దేరాను. ఇది నిజం. బండి మీద దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

మాస్టారు వరండాలో కూర్చున్నారు, గ్రేస్ కుమారి బియ్యం ఏరుతోంది. టేపు తిరుగుతందా అని రత్నమ్మగారు అడిగిన ఆ ముక్క వినిపించాను. మాస్టారు మూడుసార్లు విన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగారు.

"యాకోబూ, నేను మూట కడతన్నప్పుడు కరెంటు పోయిందేమోరా? లేపోతే మధ్యలో ఏదో నొక్కేనా? నా వల్లేనా నాయనా?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో నాకు కనపడింది చర్చి మెట్ల దగ్గర "మా యాకోబండీ, ఇంజనీరు" అనే ఆయన మొహం. అది పోగొట్టుకోలేకపోయాను.

"అయ్యుండొచ్చండీ మాస్టారూ" అన్నాను.

గ్రేస్ కుమారి చేట కింద పెట్టేసింది. "ఎన్నిసార్లు చెప్పేను నాన్నా, తెలీనివి నొక్కద్దని! అమ్మ గొంతు కూడా లేకుండా చేసేరు కదా!" అంది. మాస్టారు తల దించుకుని, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. లెక్కల్లో ఒక్క మెట్టు తప్పు పోనివ్వని మనిషి. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరు పెగల్లేదు. అబద్ధమెందుకు, పెగల్చలేదు.

ఈ పని చేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటుంది. సిస్టం పాడైతే వంక దొరకడం మహా తేలిక. కరెంటు ఉంది, వైరస్ ఉంది, మీరేదో నొక్కేరు అనే మాట ఎప్పుడూ నాలిక చివరే ఉంటుంది. కస్టమరుకి తెలియదు కాబట్టి నమ్ముతాడు. మనం రోజుకి నాలుగుసార్లు ఆ మాట అంటాం, అలవాటైపోతుంది. అలా అలవాటైన నా నాలిక ఆ రోజు మాస్టారి మీద తిరిగింది.

కొత్తపేట

మాస్టారు ఆ తర్వాత ఏడాదిపైన బతికారు. కంప్యూటరు ముట్టుకోలేదు. చర్చిలో ముందు బల్ల వదిలి వెనక కూర్చునేవారు. నేను ఊరెళ్లినప్పుడు ఎదురుపడితే ఎప్పటిలాగే, "బావున్నావా నాయనా" అనేవారు. వెళ్లిన ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఈలోపు కాకినాడ ఆస్పత్రిలో చేరారని, పోయారని ఒకే రోజు తెలిసింది.

సమాధి కార్యక్రమం అయ్యాక కొన్ని వారాలకి కొత్తపేట వెళ్లాను. గ్రేస్ కుమారి గుమ్మంలోకి వచ్చి, "రండన్నయ్యగారూ, కూర్చోండి" అంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. జనవరి చలి, గంట పరీక్ష, నాలుగు మెట్లు, "అయ్యుండొచ్చు" అన్న మాట, అన్నీ.

ఆవిడ కదలకుండా విన్నది.

"నాన్నగారు ఆస్పత్రిలో ఆఖరి రోజున అడిగేరండీ. 'అమ్మా, ఆ పాటల సంగతిలో నన్ను క్షమించేవా' అని. నేను సెలైను చూసుకుంటా, 'ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా' అన్నాను. క్షమించేనని అన్లేదండీ. లోపల కోపం ఉంది మరి. నిజంగానే ఉంది."

"తప్పు నాదమ్మా" అన్నాను.

"ఆయన ఉండగా చెప్పాల్సిందండీ. అప్పుడు చెప్పలేనోళ్లు, ఇంక నాకూ చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు నేను ఎవర్ని అడగాలండీ, క్షమించమని?"

బరువు దించుకుందామని వచ్చి, దాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టానని అప్పటికి గానీ బుర్రకెక్కలేదు. వెళ్లొస్తానమ్మా అని మెట్టు దిగబోయాను.

"ఆగండి. ఎండన పడి వచ్చేరు, మజ్జిగ తాగి వెళ్లండి" అంది. లోపలికి వెళ్లి గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మజ్జిగ తాగాను. తలుపు అవతల ఆవిడ ఏడుస్తోంది, నాకు వినపడకూడదని నోటికి ఏదో అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.